చెరువు కనిపించే కొండ

భద్రిరాజుగారు పెళ్లాన్ని అభిప్రాయం అడిగారంటేనే బంగారమ్మకి అనుమానం రావాల్సింది. పెళ్లయిన ఇన్నేళ్లలో కూర ఏం వండమంటావని కూడా అడగని మనిషి, ఆ డిసెంబరులో ఓ పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి, "సరదాగా ఏ కొండెక్కుదామంటావు, బంగారం?" అన్నారు. ఆవిడకి అనుమానం రాలేదు. సంతోషం వచ్చింది.

"పట్టిసీమ ఉంది. మెట్లెక్కితే చుట్టూ గోదారే. లేదంటే రంపచోడవరం అవతల ఓ కొండ ఉందంట. పైనుంచి చూస్తే కింద పెద్ద చెరువంట. పల్లంరాజు చెప్పాడు" అన్నారు మళ్లీ ఆయనే.

"నీళ్లు చూడ్డానికి కొండెక్కాలాండీ? మన డాబా ఎక్కితే చాలదూ?" అంది బంగారమ్మ.

అందులో అబద్ధమేం లేదు. భీమవరం చుట్టుపక్కల వరిచేలన్నీ చేపల చెరువులైపోయాయి. వాళ్ల డాబా మీంచి ఎటు చూసినా నీళ్లే. ఆ నీళ్ల మధ్య పచ్చగా మిగిలింది ఒక్క చెక్క. బంగారమ్మకి పుట్టింటివాళ్లు పసుపుకుంకుమల కింద ఇచ్చిన చేను. ఆ రాజుల ఇళ్లలో ఆడవాళ్లు చేలోకి దిగరు, గట్టు మీదకైనా వెళ్లరు. అందుకని తన చేనుని ఆవిడ ఎప్పుడూ డాబా మీంచే చూసుకుంది. పొద్దున్నే ఎక్కి, నీళ్లు పెట్టారా, కలుపు తీశారా అని అక్కణ్ణుంచే పాలేరుని కేకేసేది. ఆ చెక్కని కూడా తవ్వించేద్దామని భద్రిరాజుగారూ, పక్క చెరువుల ఆసామి పల్లంరాజూ ఏడాదిగా చెవిలో జోరీగల్లా పోరుతున్నారు. "నేను పోయాక తవ్వుకోండి" అనేది ఆవిడ. అని, దాళ్వా పంట నారుకి ఆకుమడి కూడా పోయించింది.

"చెరువు కనిపించని కొండ ఏదైనా చూడండి" అంది చివరికి.

చూస్తానన్నారు. తీరా చూసింది మాత్రం రంపచోడవరం అవతల కొండే. పోనీ పట్టిసీమ అంటే, "అబ్బే, మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చేస్తాం. వెళ్లినట్టే ఉండదు" అన్నారు. ఆ మాటకైనా ఆవిడ ఆగి ఆలోచించాల్సింది. ఉప్పాడ చీర ఇస్త్రీకి ఇచ్చే హడావిడిలో ఉంది పిచ్చితల్లి.

చీకటితోనే సుమో ఎక్కారు. పల్లంరాజూ, ఆయన భార్య బేబీ కూడా వచ్చారు. కొండ దారిలో రాళ్లు జారాయి, ముళ్లు చీరంచు పట్టుకుని లాగాయి. బంగారమ్మ ఆయాసపడుతూ, నవ్వుతూ, అందరికంటే ముందు ఎక్కేసింది.

పైనుంచి చెరువు చూసింది. గట్లు లేవు, మేత బస్తాలు లేవు, నీచు కంపు లేదు. కొండ నీడ అందులో పడి నల్లగా, చల్లగా ఉంది. నీళ్ల మీద తనకున్న కోపమంతా పోయినట్టనిపించింది.

"మంచి చోటు చూశారండీ" అంది మొగుడితో, మనస్ఫూర్తిగా. భద్రిరాజుగారు చెప్పుల్లో దూరిన రాయి ఏదో వెతుక్కున్నారు.

పులిహోర తింటుండగా పల్లంరాజు, "చెల్లెమ్మా, నువ్వు ఒప్పుకున్నావని బావ చెప్పగానే ప్రాణం లేచొచ్చిందనుకో. పొద్దున్నే చెరువు తవ్వడానికి ప్రొక్లెయిన్ దిగిపోయుంటుంది. నెల తిరక్కుండా నీ చేలోనూ ఇలాగే నీళ్లు కళకళ్లాడతాయి" అన్నాడు.

బంగారమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నేనెప్పుడు ఒప్పుకున్నానండీ?"

"ఇంటికెళ్లి మాట్లాడుకుందాం" అన్నారు భద్రిరాజుగారు.

"ఇంటి దగ్గరుంటే డాబా ఎక్కి చూస్తాననేగా, ఇంతదూరం తెచ్చి కొండెక్కించారు!"

"చుట్టూ చెరువుల ఊటకి ఆ చేను రేపైనా చచ్చేదే, బంగారం."

"చస్తే చావనివ్వండి. మీరు చంపకండి."

పల్లంరాజు బిక్కమొహం వేశాడు. బంగారమ్మ చెయ్యి కడుక్కుని దిగడం మొదలుపెట్టింది. తవ్వినందుకు వచ్చిన కోపం ఒక ఎత్తు. ఏ కొండ కావాలని అడిగి, మురిపించి, ఆ మురిపెం చాటున తవ్వినందుకు వచ్చిన కోపం ఇంకో ఎత్తు. మంచి చోటు చూశారని తన నోటితోనే అన్నందుకు ఆవిడకి తన మీదే అసహ్యం వేసింది.

పొద్దు వాలుతుండగా ఊరి పొలిమేరలో బండి ఆపమంది. చేను సగం గొయ్యయిపోయింది. ఆకుమడి మీద మట్టి గుట్ట పోసి ఉంది. ప్రొక్లెయిన్ ఇంకా తవ్వుతూనే ఉంది. బంగారమ్మ చెప్పులు విడిచి గట్టెక్కింది.

"బంగారం! చూసేవాళ్లేమనుకుంటారు? మన ఆడవాళ్లు చేలో దిగుతారా ఎక్కడైనా?" భద్రిరాజుగారు వెనకాలే పరిగెత్తారు.

"కొండెక్కినదాన్ని, చేలో దిగలేనా?"

దిగింది. తన చేలో తను మొట్టమొదటిసారి కాలు పెట్టింది. ఉప్పాడ చీర మోకాళ్ల దాకా బురదైపోయింది. కూలీలు పనాపి నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. వెళ్లి యంత్రం ఎదురుగా నిలబడింది.

"అబ్బులూ, ఆపు. తవ్విన మట్టి తవ్విన చోటే పొయ్యి."

డ్రైవరు అబ్బులు యంత్రం ఆపి, గట్టు మీద భద్రిరాజుగారి వైపు చూశాడు.

"ఆయన్ని చూస్తావేంటి? చేను నాది."

"ఆయ్, అలాగేనండమ్మగారూ."

"ఇప్పుడు ఇంటికి రా, బంగారం. నీ కాళ్లు పట్టుకుంటాను" అన్నారు భద్రిరాజుగారు గట్టు మీంచే, గొంతు తగ్గించి.

"ఈ గొయ్యి పూడేదాకా నేనిక్కణ్ణుంచి కదల్ను. మీరెళ్లి డాబా ఎక్కండి" అంది బంగారమ్మ, అటు తిరక్కుండానే. "అక్కణ్ణుంచి బాగా కనిపిస్తుంది."