రైల్లో వేసిన కూత

రాములు కడుపుమంట ఎన్ని చెంబుల మజ్జిగ తాగినా చల్లారేది కాదు. ఆ మంట పేరు నర్సింహ. స్వయానా తమ్ముడు.

గరిడేపల్లిలో సాయంత్రమైతే టీ హోటల్ ముందు కూర్చుని ముచ్చట చెప్పే హక్కు ఇన్నేళ్లూ రాములుదే. ఏటా ఎండాకాలం గొర్రెలు తోలుకుని మిర్యాలగూడ దాటి కృష్ణ ఒడ్డు దాకా నడిచిన మనిషాయె! గొంగడి విసిరి తోడేలును తరిమిన సంగతి ఎన్నిసార్లు చెప్పినా జనం వినేవాళ్లు. అలాంటిది, కూతురు స్రవంతి డాక్టరు పట్టా అందుకుంటుంటే చూడడానికి నర్సింహ కజకిస్తాన్ వెళ్లొచ్చాడో లేదో, అందరూ అటు తిరిగి కూర్చున్నారు. తోడేలును పట్టించుకునే నాథుడు లేడు.

"రెండు రాత్రులు రైల్లనే ఉన్నం," అని మొదలుపెట్టేవాడు నర్సింహ. "బయట చెట్టు లేదు, చేను లేదు. గడ్డే గడ్డి. పెట్టెకొక వేన్నీళ్ల బాయిలర్ ఉంటది. ఆగిన కాడల్లా ఆడోళ్లు ఎండుచేపలు పట్టుకొని వస్తరు. ఆ దేశం గొర్లకు తోక కాడ కొవ్వు ఇంత లావు. కాపరోళ్లు గుర్రాల మీద తిరుగుతరు."

"గుర్రం మీద కూసున్నోడు కాపరెట్లయితడు?" అన్నాడు రాములు.

"జర ఆగు రాములన్న, చెప్పనియ్యి," అన్నాడు హోటల్ దేవదాసు. నిన్నటిదాకా తోడేలు కథకు నోరు తెరుచుకుని విన్న మహానుభావుడు ఇతనే.

కుళ్లుకున్నాడు రాములు. దాచడం దేనికి, ఏడ్చి చచ్చాడు. చిన్నప్పుడు కాలికి ముల్లు దిగితే వీణ్ని భుజాన మోసిందెవరు? పొరుగూరికి నడవలేక మూలిగినవాడు దేశాలు తిరిగొస్తాడా? పోయినేడు కూతురి ఆఖరి ఫీజుకు నర్సింహ గొర్రెలన్నీ అమ్ముతుంటే, పరాయివాడి పాలు కాకూడదని తనే కొన్నాడు. మంద లేనివాడయ్యాడే అని జాలిపడ్డాడు కూడా. ఆ జాలంతా దండగైందని ఇప్పుడు బాధ.

గొర్రెల కాపరుల్లో ఒక కట్టుబాటుంది. గొర్రెలు అమ్మినవాడు కొన్నవాడి దొడ్డి దగ్గర మందను పిలిచే కూత వేయకూడదు. పాత గొంతు వింటే గొర్రె కొత్త గొంతుకు అలవాటు పడదు. నర్సింహ ఏడాదిగా ఆ దరిదాపుల్లో గట్టిగా దగ్గనైనా లేదు.

ఒకనాడు పొద్దుగూకే వేళ అతనే దొడ్డి దగ్గరికి వచ్చాడు. "అన్నా, హోటల్ల నువ్వు సరిగ వింటలేవు. గిది సూడు," అని ఫోన్ చేతికిచ్చాడు.

వీడియోలో రైలు ఏదో చిన్న స్టేషన్లో ఆగి ఉంది. పట్టాల పక్కన మంద మేస్తోంది. రైలు తలుపు దగ్గర నిలబడి నర్సింహ గొంతెత్తి కూత వేశాడు. ఆ దేశపు గొర్రెలు తల కూడా ఎత్తలేదు. రాములుకు ప్రాణం లేచొచ్చింది. పకపకా నవ్వాడు.

నవ్వు పూర్తి కాలేదు, దొడ్డిలో అలజడి మొదలైంది. నర్సింహ అమ్మిన గొర్రెలన్నీ లేచి, అరుచుకుంటూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ దడి దగ్గరికి వచ్చేశాయి. ఫోన్ వైపు మెడలు చాచాయి.

నర్సింహ గబుక్కున ఫోన్ లాక్కుని ఆపేశాడు. "తప్పయింది అన్న. ఫోన్ల ఉన్నది గూడ కూతే గదా, యాది మరిచిన," అన్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏడాదాయె నోరు కట్టుకొని. గాడ ఎవ్వల గొర్లో ఏమో, ఎవ్వలకు తప్పు గాదని ఏసిన."

రాములు గొర్రెల వైపు చూశాడు. ఏడాదిగా తవుడు పెట్టి, గొంతు పగిలేలా పిలిచినా ఒక్కటీ తన కోసం ఇలా పరిగెత్తి రాలేదు. పిచ్చివాడిలా ఇన్నాళ్లూ రైలును చూసి ఏడ్చాడు. ఏడవాల్సింది దీనికి.

గొర్రెలు ఇంకా దడి మీద మెడలు పెట్టి నర్సింహనే చూస్తున్నాయి.

"ఫోనెందుకురా," అన్నాడు రాములు చివరికి. "నోటితోని ఎయ్యి. నేను అటు దిక్కు తిరుగుత."