సన్నగొంతు పిట్ట

మళ్ళీ గొంతు సవరించుకున్నాడు, ఏడాదికి ఒక్క పొద్దున, చలికాలంలో జరిగే పిట్టల లెక్క, ఆ రెండు గంటలైనా ఈ మరిది కుదురుగా కూర్చోలేడు, అటుపక్క ఆ పళ్ళ డాక్టరు, గుంపులో చేరి నెల కాలేదు, అప్పుడే వేలెత్తి చూపిస్తాడు, అదుగో టీచర్‌గారూ, రెల్లులో సన్నగొంతు, రెండుసార్లు పలికింది అని, పలికిందట, ఇరవై రెండేళ్లుగా ఈ చెరువు గట్టున లెక్క రాస్తున్న తనకు వినపడనిది నిన్నగాక మొన్న వచ్చినాయనకు వినపడిందట, బొటనవేలంత పిట్ట, రెల్లు దాటి బయటికి రాదు, కూతను బట్టే లెక్క, మూడేళ్లుగా ఆ కూతే లేదు, లేదనే మూడేళ్లూ నివేదికలో రాసింది, అది చూసే వచ్చే నెల ఈ రెల్లంతా కోసేస్తామన్నారు చెరువు ఆఫీసువాళ్ళు, పిట్టే లేనప్పుడు రెల్లు ఎందుకని, తను మాత్రం ఏం చేస్తుంది, లేనిదాన్ని ఉందని రాస్తుందా, ఇద్దరికి వినపడితేనే లెక్కలోకి ఎక్కాలన్న నియమం పెట్టిందే తను, నాకూ ఏదో సన్నగా వినపడింది వదినా అంటున్నాడు మరిది, కాకికీ పిచ్చుకకీ తేడా తెలియని మనిషి, కారు నడపడానికి వచ్చినవాడు నడిపి ఊరుకోవచ్చుగా, ఇద్దరూ కూడబలుక్కున్నట్టున్నారు, ఈమధ్య అందరూ ఇంతే, మనవరాలి జ్వరానికి కొన్న థర్మామీటర్ కుయ్యిమనడం లేదని వెనక్కి తీసుకెళ్తే ఆ షాపతను మొహం మీదే మోగుతోంది కదమ్మా అన్నాడు, పెద్దగా పోట్లాడింది, డబ్బు వెనక్కి తెచ్చుకుంది, ఇంట్లో కోడలు మొహం తిప్పుకుని నవ్వింది, ఎందుకు నవ్విందో అడగలేదు, అడగాల్సింది.

మూడోసారి టీచర్‌గారూ, అన్నాడు డాక్టరు, ఒళ్ళు మండిపోయింది, ఏదీ చూపించండి, అని బైనాక్యులర్స్ ఎత్తింది, ఏమీ లేదని తేల్చి ఆయన నోరు మూయించాలని, రెల్లు, రెల్లు, ఎండిన ఆకు, ఆ ఆకు కదిలింది, ఆకు కాదు, కన్ను మీద తెల్లగీత, బుల్లి తోక, ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఇంత తేటగా కనపడలేదు, ముక్కు తెరిచింది, గొంతు కింది ఈకలు వణికిపోతున్నాయి, ఒళ్ళంతా కదిలిపోయేలా అరుస్తోంది, చప్పుడు లేదు, మరిది కాళ్ళ కింద గులకరాళ్ళ చప్పుడు వినపడుతోంది, రోడ్డు మీద లారీ వినపడుతోంది, పిట్ట అరుస్తూనే ఉంది, డాక్టరుగారూ ఇప్పుడు పలుకుతోందా, అని అడిగింది మెల్లగా, ఇంతసేపటినుంచీ ఆపితేగదండీ, అన్నాడాయన.

షాపతను అబద్ధమాడలేదు.

బైనాక్యులర్స్ దించి కలం మూత తీసింది, పిట్ట మూడేళ్లూ ఇక్కడే ఉంది, ఆ మాట ఆఫీసుకు రాసిచ్చి రావాలి, ఈరోజే, తప్పు తనదని కూడా రాయాలి, డాక్టరుగారూ, కూతలు మీరు చెప్పండి, నేను రాస్తాను, నాకు వినపడటం లేదు.