పద్మనాభం గారి కానుక

నేను ఒక పోలీస్ స్టేషన్ బల్ల మీద ఏళ్ళ తరబడి తలదించుకుని కూర్చున్న టెలిఫోన్ని. నా నుదుటి మీద ‘శ్రీ పద్మనాభం గారి కానుక’ అని ఒక చీటీ ఉండేది. చీటీ పోయింది కానీ దాని జిగురు మాత్రం ఇంకా వదల్లేదు.

ఏదో కార్ఖానాలో మూసపోసి, తీగలు బిగించి, మోగుతానో లేదో చూసి నన్ను అట్టపెట్టెలో పెట్టారు. మీగడ రంగు ఒళ్ళు, నల్లటి మీటలు. విజయనగరం వైపు ఒక మండల కేంద్రంలో ఎరువుల కొట్టు నడిపే పద్మనాభం గారు నన్ను కొన్నారు. లక్ష్మీదేవి పటం కింద, గల్లాపెట్టె పక్కన నా చోటు. ఆ రోజుల్లో నాలాంటివాళ్ళకి భలే మర్యాద ఉండేది. అల్లిక గుడ్డ కప్పేవారు, అగరొత్తి చూపించేవారు.

పొద్దుటి పూటంతా యూరియా బస్తాల బేరాలే. మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక పద్మనాభం గారు తలుపు సగం దించి ఎవరింటికో ఫోన్ చేసేవారు. అవతల ఆడగొంతు పలికితే వేలి ఉంగరంతో నా మూతి మీద టకటకా కొట్టేవారు. కాసేపు ఊపిరి వదిలేవారు. ఆ తర్వాత నేను ఇక్కడ చెప్పలేని మాట ఒకటి అని, నన్ను కింద పెట్టి, నవ్వుకుంటూ గల్లా ముందు కూర్చునేవారు. నుదుటి బొట్టు మాత్రం చెక్కుచెదిరేది కాదు. “ఎవరండీ, ఎవరు?” అని అవతల గొంతు వణకడం ఆయన వినోదానికి వినేవారు, నేను విధిలేక వినేదాన్ని. నా ఒళ్ళు ప్లాస్టిక్కే, అయినా సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆ ఉంగరం దెబ్బలకి నా మూతి మీద గాటు కూడా పడింది.

సెల్‌ఫోన్లు వచ్చాక ఆయనకి నాతో పని తీరిపోయింది. పారేస్తే ఏమొస్తుంది? స్టేషన్‌కి కొత్త భవనం కట్టి ప్రారంభించిన రోజున నా నుదుట చీటీ అంటించి కానుకగా ఇచ్చారు, ఫొటో దిగారు. అప్పటి నుంచి హెడ్ కానిస్టేబుల్ పైడిరాజు గారి బల్ల ఎదురు కుర్చీ పద్మనాభం గారి సొంతమైంది. రోజూ ఆయన రావడం ఆలస్యమైతే పైడిరాజు గారే నా మీద నంబరు నొక్కి “టీ చల్లారిపోతంది, రండి” అని పిలిచేవారు. పైడిరాజు గారు చెడ్డవారు కారు. కాకపోతే పని ఎదురొస్తే పక్కకి తప్పుకోవడం బాగా అలవాటైన మనిషి.

ఒక రోజు ఆరోగ్య ఉపకేంద్రం నర్సు వరహాలమ్మ వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళ గర్భిణీలందరికీ దిక్కు ఆమే. ఆమె సెల్ నంబరు ఊరూరా గోడల మీద రాసి ఉంటుంది.

“ఎవడో ఫోన్ చేస్తన్నాడు బాబూ. నంబరు కనపడదు. ముందు టకటకమని చప్పుడు, ఆ తర్వాత ఊపిరి, ఆ తర్వాత బూతులు” అంది.

“నంబరే కనపడకపోతే ఎవడి మీద కేసు కట్టమంటావమ్మా?” అన్నారు పైడిరాజు గారు. “ఎత్తీకు. లేదంటే నంబరు మార్చీ.”

“ఎత్తకపోతే ఎలాగ? పెద్దాసుపత్రి నుంచి వచ్చే ఫోన్లకీ నంబరు కనపడదు. గోడల నిండా ఉన్నది నా నంబరే, మార్చేస్తే కడుపుతో ఉన్నోళ్ళు ఎవరికి చెప్పుకుంటారు?”

ఎదురు కుర్చీలో పద్మనాభం గారు టీ గ్లాసు తిప్పుతూ, “మీరు ఎత్తబట్టే కదమ్మా ఆడికి హుషారు” అన్నారు. ఉంగరం గ్లాసుకి తగిలి టకటకమంది. వరహాలమ్మ ఒక్క క్షణం అటు చూసింది గాని, ఊళ్ళో పెద్దమనిషిని ఎవరు అనుమానిస్తారు? నాకు అనుమానం కాదు, నమ్మకమే. కానీ నేను మాట్లాడించేదాన్నే తప్ప మాట్లాడేదాన్ని కాను. నా నుదుటి మీద చూస్తే ఆయన పేరు.

ఆమె మళ్ళీ వచ్చింది, మళ్ళీ అదే జవాబు. చివరికి పోలీసులు చెప్పినట్టే నంబరు కనపడని ఫోన్లు ఎత్తడం మానేసింది. అలా మానేసిన వాటిలో ఒకటి పెద్దాసుపత్రి నుంచి వచ్చింది. ఒక గర్భిణీకి బీపీ ప్రమాదంగా ఉంది, వెంటనే తీసుకురమ్మని చెప్పడానికి చేశారు. కబురు అందలేదు. నొప్పులొచ్చాక బయల్దేరితే ఆ పిల్లకి ఆటోలోనే ఫిట్స్ వచ్చాయి. తల్లీబిడ్డా చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు బయటపడ్డారు. వరహాలమ్మ స్టేషన్‌కి వచ్చి, “ఎత్తొద్దన్నారు. ఎత్తలేదు” అని జరిగింది చెప్పి వెళ్ళిపోయింది. పైడిరాజు గారు చాలాసేపు కాగితాలు సర్దుతూ ఉండిపోయారు.

ఆ తర్వాత నాకు తిప్పలు మొదలయ్యాయి. సరిగ్గా పైడిరాజు గారు క్యారేజీ విప్పి ముద్ద కలిపే వేళకి నేను మోగేదాన్ని. ఎత్తితే అవతల మాట లేదు, పలుకు లేదు. పెట్టేసి ముద్ద నోటి దాకా తెచ్చేసరికి మళ్ళీ మోత. స్టేషన్ ఫోను ఎత్తకుండా ఉండటానికి లేదు, పై ఆఫీసు నుంచి అయితే? ఆయన చేతి పప్పంతా నా ఒంటికే అంటింది. నా సాటి ఫోన్లలా ముఖాన నంబరు చూపించే అద్దం నాకు లేదు, చీటీ తప్ప.

“పోలీసులతోనే ఆటలా” అని ఎస్సై శామ్యూల్ గారు మండిపడ్డారు. “నంబరు దాగేది మనకే గాని ఫోన్ కంపెనీకి కాదు. ఫలానా వేళకి ఫోన్ వచ్చిందని రాసి అడిగితే ఇస్తారు” అని అప్పటికప్పుడు కంపెనీకి లేఖ పంపించారు. పైడిరాజు గారికి ఆ సంగతి తెలియక కాదు. ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు, అంతే.

మర్నాడు అన్నం వేళకి ముందే నంబరు వచ్చేసింది. పైడిరాజు గారు పళ్ళు నూరుతూ నా మీటలు నొక్కారు.

“చెప్పమ్మా, ఎన్నో నెల?” అంది అవతలి గొంతు.

పైడిరాజు గారు గొంతు గుర్తుపట్టారు. “స్టేషన్ నుంచి” అన్నారు మెల్లగా.

“దొరికానా బాబూ? వస్తన్నాను.”

భుజాన టీకాల పెట్టెతో వచ్చి నిలబడింది వరహాలమ్మ. స్టేషన్‌కి ఇలా ఫోన్లు చేయడం నేరమని తెలియదా అని ఎస్సై గారు గద్దించారు.

“తెలుసు బాబూ, కేసు కట్టండి. నంబరు ఎలా దాచాలో సెల్ కొట్టులో అడిగి మరీ నేర్చుకున్నాను. కనపడని నంబరు మీద కేసు కుదరదని నన్ను తిప్పి పంపీసినారు. మరి నాది ఎలాగ కనపడింది?”

ఎస్సై గారు పైడిరాజు గారి వైపు తిరిగారు. ఎదురు కుర్చీలోంచి పద్మనాభం గారు “కొట్టు కాడ పనుంది” అంటూ టీ సగంలో వదిలి లేచారు.

“ఈమె ఫిర్యాదు చేసిందా?” అని ఎస్సై గారు అడిగారు.

“వచ్చింది సార్. నేనే పంపీసినాను” అన్నారు పైడిరాజు గారు, తల ఎత్తకుండా.

ఎస్సై గారు ఆమెని మందలించి కూర్చోబెట్టి, ఈసారి ఆమె కోసం లేఖ రాశారు. జవాబు వచ్చాక నంబరు పైకి చదువుతుంటే సగంలోనే పైడిరాజు గారి ముఖం నల్లబడింది. రోజూ టీకి పిలిచే నంబరు అది. నా మీటలకీ కంఠతా వచ్చు. పద్మనాభం గారిని తీసుకొచ్చి, ఎందుకు చేశావయ్యా అంటే, ఆయన ఉంగరం తిప్పుకుంటూ చెప్పిన సమాధానం ఇది: “ఊరికే సార్. పొద్దుపోక.”

కేసు కట్టారు. ఎదురు కుర్చీ గోడవారకి పోయింది. పైడిరాజు గారు ఎవరూ చూడనప్పుడు నా నుదుటి చీటీని గోరుతో గీకారు. పేరు పోయింది గాని జిగురుకి దుమ్ము అంటుకుని నల్లటి మచ్చ మిగిలింది.

నంబరు చూపించే కొత్త ఫోను వచ్చాక నన్ను విరిగిన కుర్చీల గదిలో పడేశారు. మూతి మీద గాటు, నుదుట మచ్చ, ఇవీ నేను సంపాదించుకున్నవి. ఇక్కడ పడి ఉండి నేను గుర్తు చేసుకునే ఫోను ఒక్కటే. కేసు కట్టిన మర్నాడు పైడిరాజు గారు క్షమాపణ చెప్పుకుందామని నన్ను ఎత్తి వరహాలమ్మకి చేశారు. ఆమె పలికింది. ఈయనకి మాట పెగల్లేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

“ఎవరు?” అంది ఆమె. కొట్టులో ఉన్నప్పుడు నేను విన్న వణుకే అది. పైడిరాజు గారు కూడా విన్నారు.

“నేనేనమ్మా. స్టేషన్ నుంచి పైడిరాజుని” అన్నారు గబగబా.

అవతల ఆమె నిట్టూర్చడం నాకు వినపడింది.

“పేరు చెప్పారు, అది చాలు” అంది. “అన్నం వేళయింది కదా, తినండి బాబూ. మధ్యలో ఎవరూ చెయ్యరు.”