మూడో రోజుకల్లా దిగిపోయే బ్యాటరీ

ఆర్టీసీలో ముప్పయ్యొక్క ఏళ్లు బస్సు నడిపిన క్రీస్తుదాసు రిటైరయ్యాక పర్చూరులో స్థిరపడి పాత కారొకటి కొనుక్కున్నాడు. రెండు నెలలుగా అది ఆయన్ని సతాయిస్తోంది. మూడు రోజులు కదపకుండా ఉంచితే చాలు, తాళం తిప్పినప్పుడు టకటకమని కొట్టుకోవడమే తప్ప ఇంజను అందుకోదు. కొత్త బ్యాటరీ వేయించినా అదే వరస.

ఆయన అనుమానమంతా పక్కింటి కరుణాకర్ మీదే. సందులో కారు అడ్డంగా ఉంటే పత్తి ట్రాక్టరు ఎలా తిరుగుతుందని కరుణాకర్ ఆమధ్య గొడవకొచ్చాడు. ఆ కక్షతోనే బ్యాటరీ తీగలు కెలుకుతున్నాడని క్రీస్తుదాసు గట్టిగా నమ్మాడు. బానెట్‌కీ బంపరుకీ మధ్య తెల్లదారం కట్టి చూశాడు. తెల్లారి దారం చెక్కుచెదరలేదు. విప్పి మళ్లీ కట్టేసి ఉంటాడనుకున్నాడు. కరుణాకర్ భార్య బట్టలారేస్తూ నవ్వినా తనను చూసే నవ్విందనిపించేది.

చివరికి ఒకరోజు, ఆటోలోకి మిరపకాయల టిక్కీలు, అంటే బస్తాలు, ఎక్కిస్తున్న కరుణాకర్‌ని నలుగురిలో నిలదీశాడు.

"ఏరా, నా బండి బ్యాటరీతో నీకేం పనిరా?"

కరుణాకర్ మొహం ఎర్రబడింది. "నీకేమన్నా మతిపోయిందా దాసూ? నీ బండి జోలికి నేనెందుకొస్తా?"

ఆ మాట క్రీస్తుదాసుకి కలుక్కుమంది. దొంగని సాక్ష్యంతో పట్టుకోవాలని కారుని ఎలక్ట్రీషియన్ మీరా హుస్సేన్ షెడ్డుకి తోయించుకెళ్లాడు.

మీరా హుస్సేన్ చార్జింగు పెట్టిన బ్యాటరీకి మైనస్ తీగ ఊడదీసి, మధ్యలో మీటరు కలిపాడు. "బండి ఆపి తలుపులేశాక ఈ అంకె దాదాపు సున్నాకి రావాలండి. రావట్లా. ఏదో కరెంటు తాగేస్తంది." ఒక్కో ఫ్యూజూ పీకి చూశాడు. అంకె కదల్లేదు. అంటే ఫ్యూజులతో పనిలేకుండా ఏదో నేరుగా బ్యాటరీకి కలిపి ఉంది. డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి వెతికితే, టేపు చుట్టిన అగ్గిపెట్టెంత నల్లడబ్బా బయటపడింది.

"జీపీఎస్ అండి. బండి ఎక్కడుందో ఎవరి ఫోనుకో చూపిద్ది."

"నేను అనుకోలా? కరుణాకర్‌గాడి పనే!"

"లోపలికి రావాలంటే తాళం కావాలి కదండీ. తాళం ఎవరికన్నా ఇచ్చారా?"

క్రీస్తుదాసు తాళం ఇచ్చింది ఒక్కరికే. రెండు నెలల కిందట ఒంగోలు నుంచి వచ్చిన కూతురు అఖిల, కారు కడిగించుకొస్తానని ఒక పూట తీసుకెళ్లింది.

వెంటనే ఫోన్ చేశాడు. "నా మీద నిఘా పెట్టావా?"

అఖిల మెల్లగా అడిగింది. "నాన్నా, నేను వచ్చేముందు ఒకరోజు గుంటూరు నుంచి వస్తా మేదరమెట్ల దాకా ఎందుకెళ్లావు?"

"రోడ్డు పని జరుగుతుంటే చుట్టూ తిరిగొచ్చానని చెప్పాగా!"

"అక్కడి పెట్రోలు బంకు మేనేజరు నీ ఫోన్లో నా నంబరు చూసి నాకు చేశాడు. గంటసేపు అక్కడే కూర్చుని, పర్చూరు ఎటని మూడుసార్లు అడిగావంట. నీతో అంటే బాధపడతావని డబ్బా పెట్టించా. చెప్పకుండా పెట్టడం తప్పే నాన్నా."

పర్చూరుకి తిరగాల్సిన చిలకలూరిపేట మలుపు. బస్సు తోలిన రోజుల్లో కళ్లు మూసుకుని తిప్పిన మలుపు. ఆరోజు అది ఎప్పుడు దాటిపోయిందో ఇప్పటికీ ఆయనకి గుర్తు రావడంలేదు. దారం కాపలా కాసిన రెండు నెలల్లో ఆ విషయం మాత్రం తనలో తాను కూడా ఒప్పుకోలేదు.

"తీసి పారెయ్యమంటారా?" అన్నాడు మీరా హుస్సేన్.

"వద్దు. తాళం తిప్పినప్పుడే పనిచేసేలా కలుపు."

అటునుంచి నేరుగా కరుణాకర్ వాకిట్లోకి వెళ్లి, జరిగింది దాచకుండా చెప్పాడు. "పొరపాటు నాదేరా." కరుణాకర్ కూర్చోమనలేదు. "నలుగురిలో అన్నావు, నా ఒక్కడికే చెప్తే ఎట్టా?" అన్నాడు. నిజమే. క్రీస్తుదాసు ఆ సాయంత్రమే, గొడవనాడు టిక్కీలు ఎత్తినవాళ్ల ముందు మళ్లీ చెప్పాడు.

ఆదివారం అఖిల వచ్చింది. గుంటూరులో డాక్టరు దగ్గరికి బయల్దేరుతూ క్రీస్తుదాసు తాళం ఆమె చేతికిచ్చి, ఎడమవైపు తలుపు తీసుకుని కూర్చున్నాడు.