ఎడమ చెవి వైరు

ఆ వినికిడి పరిశోధనశాలలో చెవులంటే పెద్దాయన చెవులే. మిగతావాళ్ళవి కళ్ళజోడు తగిలించుకోవడానికి పుట్టాయని ఆయన నమ్మకం.

ఆ రోజు రెండు విషయాలు తేలాలి. ఆయన బావమరిదికి ఉద్యోగం ఇవ్వడం ఒకటి, అది ఇంట్లోనే తేలిపోయింది. రెండోది, సహాయకురాలి ఒప్పందం పొడిగించడం. ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే.

బావమరిదికి పేరుకో పరీక్ష పెట్టారు. హెడ్‌ఫోన్లలో రెండు చెవులకూ ఒకటే హోరు పంపుతారు. ఒక చెవికి వెళ్ళే హోరులో మాత్రం సన్నని పాయ ఒకదాన్ని కాస్త ముందువెనకలు చేస్తారు. ఏ ఒక్క చెవితో విన్నా ఉత్త హోరే. రెండు చెవులూ కలిస్తేనే, ఎక్కడా లేని పాట తలలో పుడుతుంది.

బావమరిది కళ్ళు మూసుకుని తల ఊపాడు. "అబ్బబ్బ! ఏం పాట బావా!"

పెద్దాయన నూటికి నూరు వేసేశాడు. తర్వాత సరిచూడడానికి సహాయకురాలు ఆ హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. హోరు తప్ప ఏమీ లేదు, అదీ కుడి చెవిలోనే. వంగి చూస్తే ఎడమ వైరు ఊడి బల్లకింద వేలాడుతోంది.

"సార్, ఎడమ వైరు ఊడిపోయిందండీ. ఇలాగైతే బ్రహ్మదేవుడికైనా పాట వినబడదు."

మార్కులు వేసేశాడాయె, ఇప్పుడు వెనక్కి తగ్గితే పరువేం కాను? పెద్దాయన హెడ్‌ఫోన్లు లాక్కుని తగిలించుకుని, బల్లమీద తాళం కూడా వేశాడు.

"శుభ్రంగా వినబడుతుంటేనూ! వైర్లదేముందమ్మా, చెవులుండాలి గానీ. నీకు వినబడిందా, లేదా?" అంటూ ఆమె ఒప్పందం కాగితం ముందుకు లాక్కుని కలం మూత తీశాడు.

ఆమె ఆ కలం వంక చూసింది. "వినబడిందండీ."

సంతకం పడింది. ఆమెకు తనమీద తనకే అసహ్యం వేసింది. ఆ ఉక్రోషంలోనే వంగి వైరు గుచ్చేసింది.

హెడ్‌ఫోన్లు తీయకుండానే మళ్ళీ తాళం వేస్తున్న పెద్దాయన వేళ్ళు ఠక్కున ఆగాయి. అసలు పాట మొదలైంది మరి, ఆయన తాళానికీ దానికీ పొంతనే లేదు. ముఖం మాడిపోయింది. బావమరిది వంక చూశాడు, ఆరని సంతకం వంక చూశాడు.

"ఇదేంటి, ఏదో తేడాగా ఉంది. ఇందాకటిలాగే పెట్టు."

ఆమె వైరు పీకేసింది.

"ఆఁ, ఇప్పుడు బాగుంది."

"అవునండీ," అంది ఆమె, వైరు చేతిలోనే పట్టుకుని.