నడుముకి కట్టుకునే కిడ్నీ

అల్లవరంలో రొయ్యల చెరువులు చేసే పెద్దిరాజుకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. 2008లో వారానికి రెండుసార్లు యానాం వంతెన మీదుగా కాకినాడ వెళ్లి డయాలసిస్ చేయించుకునేవాడు. ఆ నాలుగు గంటలూ మంచానికి కట్టేసినట్టు ఉందని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

పక్క మంచం శ్రీరామచంద్రమూర్తిగారిది. కె.గంగవరంలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పేపరు పైకి చదవడం ఆయనకి అలవాటు. విదేశాల్లో నడుముకి బెల్టులా కట్టుకునే కిడ్నీ తయారు చేస్తున్నారనీ, కొందరికి పెట్టి చూశారనీ ఒకరోజు చదివారు. పెద్దిరాజు ఆ ముక్క చింపి ఇమ్మని అడిగి, తిన్నగా డాక్టరుగారికి చూపించాడు.

"నాది ముప్పయ్యారు నడుమండి. సరిపోద్దంటారా?"

అది మన దాకా రావడానికి ఏళ్లు పడుతుందని చెప్పి డాక్టరుగారు మరో దారి చూపించారు. పొట్టకి సన్నని గొట్టం అమరుస్తారు. సంచీలోని మందునీళ్లు లోపలికి ఎక్కించుకుని, కొన్ని గంటలయ్యాక దింపేసుకోవాలి. ఇంట్లోనే, రోజుకి నాలుగుసార్లు. పెద్దిరాజు ఆ నెలలోనే గొట్టం పెట్టించుకున్నాడు.

ఆసుపత్రి మెషీను బెడద పోయింది, దాని స్థానంలోకి భార్య దుర్గమ్మ వచ్చింది. నర్సు నేర్పినదాంట్లో ఒక్కటీ వదల్లేదు. ముక్కుకి గుడ్డ, మోచేతుల దాకా సబ్బు, తలుపుకి గడియ. పలకరించడానికి వచ్చిన సొంత తమ్ముణ్ణే వీధిలోంచి పంపేసింది. చెరువునీళ్లు తగిలితే చీము పడుతుందని గట్టు ఎక్కనివ్వలేదు. పెద్దిరాజుకి వాపులు తగ్గాయి, అన్నం సయించింది. మాట్లాడడానికి మాత్రం మనిషి లేడు.

రెండు నెలలు ఓర్చుకుని, ఒక మంగళవారం పొద్దుటి సంచీ మార్చుకోగానే, మధ్యాహ్నం సంచీ వేళకి వచ్చేస్తానని చెప్పి కాకినాడ బస్సెక్కాడు.

మాస్టారు చేతికి సూదులతో పడుకుని ఉన్నారు. తన పాత మంచం మీద ఎవరో కొత్తాయన. పెద్దిరాజు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏం పెద్దిరాజుగారూ, ఇంటి దగ్గర హాయిగా ఉందా?"

"ఆయ్, ఒంట్లో బానే ఉందండి. మా ఆవిడ పేపరు చదవదండి."

ఇంతలో నర్సు వచ్చి, పేషెంట్లు తప్ప ఎవరూ లోపల ఉండకూడదంది.

"నేనూ పేషెంటునేనండి," అన్నాడు పెద్దిరాజు నొచ్చుకుంటూ.

ఆమె గడియారం చూసి అరగంట ఇచ్చింది. ఈసారి మాస్టారికి శ్రమ లేకుండా పేపరు పెద్దిరాజే విప్పి, అక్షరాలు కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టాడు. రెండో వార్తకే మాస్టారు నిద్రపోయారు. పెద్దిరాజు గొంతు తగ్గించాడు గానీ, ఆపలేదు.