ఖాళీ బరువు

విమానం ఎంత దూరం పరుగెత్తి లేవాలో, ఎవరెక్కడ కూర్చోవాలో, కాగితం మీద లెక్క చక్కగా కుదిరింది. మేనకోడలికి అదే మింగుడుపడలేదు.

పైలట్ లైసెన్సు చేతికొచ్చాక ఆ పిల్ల మొదట ఎక్కించుకోబోయేది మేనమామనీ అత్తయ్యనీ. అదీ మామయ్య ముసలి విమానంలోనే. నాలుగు సీట్లది, అత్తయ్య కాపురానికొచ్చిన ఏడాది తయారైంది. మామయ్య మెకానిక్కు. దాన్ని ఎన్నోసార్లు విప్పి బిగించాడు గానీ నడపడం చేతకాదు. ఇద్దరూ కలిసి తమ ఇంటిని పైనుంచి చూడాలని అత్తయ్యకి ఏళ్ళనాటి కోరిక.

అయితే పిల్ల ఒంటరిగా ఎగిరినప్పుడల్లా ఒక వింత జరిగేది. రన్‌వే మీద తానింకా స్టీరింగు వెనక్కి లాగకముందే విమానం ముక్కు తనంతట తానే పైకి లేచేది. ముక్కు తేలికైందంటే తోక బరువెక్కిందన్నమాట. మరి కాగితంలో ఆ బరువేదీ?

“మామయ్యా, ఈ విమానం ఖాళీ బరువు ఎవరు తూచారు?”

“తయారుచేసినవాళ్ళే. ఖాళీదానికి మళ్ళీ తూకమేంటమ్మడూ? గాలి తిని లావెక్కుతుందా?”

“అత్తయ్య బరువెంతని రాశావు?”

“యాభై రెండు. ఆవిడే చెప్పింది.”

“అది పెళ్ళినాటిది,” అంది అత్తయ్య, ఏమాత్రం సిగ్గుపడకుండా. “మీరడిగారు, నాకు గుర్తున్నది చెప్పాను.”

పిల్ల పకపకా నవ్వి ఠక్కున ఆగిపోయింది. విమానం కూడా పెళ్ళినాటి బరువే చెబుతోందేమో!

ఆ మధ్యాహ్నమే మూడు చక్రాల కిందా మూడు కాటాలు పెట్టారు. ముందు చక్రం కింది కాటా కాగితంలో ఉన్నదానికన్నా తక్కువ చూపించింది. వెనక రెండూ బాగా ఎక్కువ చూపించాయి. మామయ్య తోక కింద దూరి గోటితో గీకాడు. తెలుపు కింద నీలం, నీలం కింద పసుపు, దానికింద మళ్ళీ తెలుపు. పాత రంగు తియ్యకుండా దానిమీదే కొత్తది పూయడం ఆయన అలవాటు. తోక త్వరగా వెలిసిపోతోందని దానికి ప్రతిసారీ ఒక పూత ఎక్కువే వేసేవాడు. ముద్దుచేసి చెడగొట్టడమంటే ఇదే.

పిల్ల మళ్ళీ లెక్క కట్టింది. వెనక సీట్లో ఎవరు కూర్చున్నా తూకం హద్దు దాటి వెనక్కి పోతోంది. పెట్రోలు తగ్గించి చూసింది, సామాను తీసేసి చూసింది. లాభం లేదు. తన పక్కనున్న ముందు సీటొక్కటే మిగిలింది.

“ఇన్నేళ్ళూ నా చేత్తో నేనే నా సీటు మీద రంగు పూసుకుంటూ వచ్చానన్నమాట,” అన్నాడు మామయ్య. “నువ్వెళ్ళిరావే. నేను కిందనుంచి చెయ్యూపుతాను.”

అత్తయ్యకి ఏడుపొచ్చింది, దాంతోపాటే కోపమూ వచ్చింది. షెడ్డు మూలనున్న, రంగు వదలగొట్టే మందు డబ్బా తెచ్చి ఆయన ముందు ఠప్పున పెట్టింది.

“నేనొక్కదాన్నే ఎగరడానికా ఇన్నేళ్ళు ఆగాను? పట్టండి బ్రష్షు. ఆ నీలం నేను ఏరికోరి పూయించిందేగా, అది నేనే తీస్తాను.”